నలభై ఏడు రోజుల తేడా

జూన్ 3

మనవరాలికి,

నీ మే 30 నాటి ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ముందు పని విషయం, తర్వాత తిట్లు.

నువ్వు రాసిన ఆరు పేజీల్లోంచి ఏడుపు తీసేస్తే నాకు మిగిలింది ఇది. వచ్చే జనవరి ఒకటి నుంచి క్రెష్‌లో ఏ గదికైనా బాధ్యురాలిగా ఉండాలంటే డిగ్రీ ఉండాలి, లేదా దానికి సమానమైన ధ్రువపత్రం ఉండాలి. నీకు రెండూ లేవు. పద్నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తూ, అందులో పదేళ్ళుగా పాపాయిల గది నడుపుతున్నా, జనవరి నుంచి నువ్వు ఆ గదిలో సహాయకురాలివి. గది ఇంకొకరిది. ఈ సంగతి మీ పెద్ద మేడమ్ నిన్ను కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి చెప్పింది. బిస్కెట్లు పెట్టి చెప్పే వార్త ఎప్పుడూ మంచిది కాదు.

నువ్వు రాసిన నాలుగు దారులకీ ఒక కాగితం మీద గడులు గీశాను. దూరవిద్యలో డిగ్రీకి మూడేళ్ళు పడుతుంది. డిప్లొమాకి ఏడాది చాలు గానీ తరగతులు సాయంత్రం ఐదింటికి మొదలు. మీ క్రెష్ మూసేది ఆరున్నరకి. నువ్వు రెండు ముక్కలైతే తప్ప అది కుదరదు. ఇక అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి. పదేళ్ళు గది నడిపినట్టు ఆధారాలతో ఫైలు పెడితే, ఒకరు వచ్చి రోజంతా నీ పని చూసి ధ్రువపత్రం ఇస్తారట. పరీక్ష లేదట. పరీక్ష లేని చదువు మీద నాకు నమ్మకం లేదు. చివరిది ఆసుపత్రి పిల్లల వార్డులో ఆటలాడించే సహాయకురాలిగా ఆరు నెలల శిక్షణ. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి స్టోరు లెక్కలు చూశాను. ఆ వార్డుకి దూది ఇచ్చాను, సిరంజిలు ఇచ్చాను, ఫినాయిల్ ఇచ్చాను. ఒక్క బొమ్మ కావాలని ఎవరూ చీటీ పంపలేదు.

నా తీర్పు డిగ్రీయే. ఇరవయ్యో ఏట పరీక్ష హాల్లో తెల్లకాగితం ఇచ్చేసి బయటికొచ్చావు. ఇప్పుడు నీకు ముప్పై నాలుగు. కాగితం కరవదు.

ఫోన్ చేస్తానంటున్నావు. చెయ్యకు. ఫోన్లో మాట్లాడిన మాటకి తేదీ ఉండదు.

మీ గదిలో అందరికన్నా చిన్నవాడికి, నువ్వు జడ్జిగారని పేరుపెట్టినవాడికి, కింది పన్ను వచ్చిందా? నాలుగు వారాలుగా వస్తోందనే రాస్తున్నావు.

తిట్లు: ఉత్తరం చివర సంతకం లేదు. ఎవరు రాశారో నేను దస్తూరిని బట్టి ఊహించాల్సి వచ్చింది. ఆ దస్తూరి ఇంకెవరికీ ఉండదు కాబట్టి సరిపోయింది.

అమ్మమ్మ


జూన్ 10

అమ్మమ్మా,

సంతకం ముందే పెట్టేస్తున్నా, చూసుకో: ఇట్లు నీ మనవరాలు. ఇక తిట్టడానికి ఇంకేదైనా వెతుక్కో.

జడ్జిగారికి పన్ను వచ్చింది. సాక్ష్యం నా భుజం మీద ఉంది. పక్కనే ఉన్న కంట్రాక్టరు, అదే, కట్టిన ప్రతిదీ కూలగొట్టే ఏడాదిన్నరవాడు, ఏంటా అని వేలు పెట్టి చూశాడు. వాడి వేలిమీద ఇంకో సాక్ష్యం.

డిగ్రీ వద్దమ్మమ్మా. పరీక్ష హాలు తలుచుకుంటేనే నా చేతులు చల్లబడిపోతాయి. ఇవే చేతులతో ఏడుస్తున్న ముగ్గుర్ని ఒక్కసారే ఊరుకోబెడతా. ఆ ముగ్గురూ ప్రశ్నపత్రం ఇచ్చి, గడియారం వంక చూస్తూ కూర్చోరు కదా! నేను ఫైలు దారే పడతా. పెట్టడానికి జూలై ఆఖరు గడువు. అది దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే. అప్పటికి గది పోతుంది.

జనవరి నుంచి నా గది తీసుకోబోయే అమ్మాయి అప్పుడే వచ్చేసింది. ఇరవై రెండేళ్ళు, కొత్త పట్టా, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. మొదటి రోజే, "అక్కా, పాపని ఎత్తుకుంటే ముందు ఎక్కడ పట్టుకోవాలి?" అంది. "పడిపోకుండా ఉండే చోట" అన్నా. నవ్వుతుందనుకుంటే పుస్తకం తీసి రాసుకుంది. మధ్యాహ్నానికి ఆ చొక్కా మీద ముగ్గురి పాలు. అయినా నాలుగోవాడి కోసం చేతులు చాచింది. దాన్ని ద్వేషిద్దామని వారం రోజులుగా నానా తంటాలు పడుతున్నా. కుదిరి చావట్లేదు.

ఇప్పుడు అసలు పని. ఫైల్లోకి ఆధారాలు తేదీలతో కావాలట. ఏ బిడ్డలో ఏం గమనించాను, ఏం చేశాను, ఎక్కడ పొరపాటు చేశాను, ఏం నేర్చుకున్నాను. నేనెప్పుడు డైరీ రాశాను? రాసిందంతా నీకే. నువ్వు చిత్తుకాగితం కూడా పారెయ్యవుగా. నా ఉత్తరాలన్నీ కట్టకట్టి పంపేయవా? బంగారు అమ్మమ్మవి కదూ.

ఇట్లు, రెండోసారి కూడా,
నీ మనవరాలు


జూన్ 18

మనవరాలికి,

పంపను. అసలు పత్రాలు స్టోరు గడప దాటకూడదు. కావలసిన వాటికి నకళ్ళు నేనే రాసి పంపుతున్నాను. యాభై రెండు పేజీలు. ప్రతి పేజీ అడుగున ఏ ఉత్తరం, ఏ తేదీ అన్నది ఉంది.

ఈ పద్నాలుగేళ్ళలో నువ్వు నాకు రెండు వందల తొంభై ఎనిమిది ఉత్తరాలు రాశావు. నీ ఉత్తరం అందిన రోజు నుంచీ అవన్నీ మళ్ళీ చదివాను. మచ్చుకి ఒకటి. పదకొండేళ్ళ కిందట అక్టోబరులో రాశావు: "ఒక పాప ఉందమ్మమ్మా, పిలిస్తే తిరగదు, తలుపు దబాలున వేసినా తిరగదు. చెక్క నేల మీద కాలితో తడితే మాత్రం టక్కున తిరిగింది. వాళ్ళమ్మ నా మీద కోప్పడినా సరే, చెవులు చూపించమని చెప్పేశా." ఆరు వారాల తర్వాత ఉత్తరంలో డాక్టరు ఆ పాపకి వినబడదని తేల్చినట్టు ఉంది. అప్పట్లో నేను నీకిచ్చిన జవాబు నకలు కూడా నా దగ్గరుంది. "ఉత్తరంలో రెండుచోట్ల కామా లేదు" అని రాశాను. అంతకుమించి ఏమీ రాయలేదు.

పొరపాట్లు కూడా తీశాను. పడుకున్న పిల్లలు ఎనిమిది మంది అని రాసుకుని, తొమ్మిదోవాడు కర్టెన్ వెనక నిద్రపోతుంటే నువ్వు పావుగంట గుర్తించని రోజు ఒకటుంది. ఆ రోజు నుంచే అరగంటకోసారి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టావు. కాబట్టి దాన్ని పొరపాట్లలోనూ, నేర్చుకున్న వాటిలోనూ రెండుచోట్లా చూపించాను.

నీ సొంత సంగతులు ఏమైనా ఉన్నాయేమోనని వెతికాను. జలుబు రెండుసార్లు, ఇల్లు మారడం ఒకసారి. మిగతాదంతా ఎవరు పాకారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు ఎవరి మీద కక్కారు.

ఫైలు తాళం వేసి పెట్టు. ముఖ్యంగా ఆ పట్టా పిల్ల కంట పడనీకు. నీ గది తీసుకునే మనిషి నీ మేలు కోరుతుందనుకోవడం అమాయకత్వం.

అమ్మమ్మ


జూలై 2

అమ్మమ్మా,

ఆలస్యంగా చెప్పావు. ఫైలంతా టైపు చేసింది ఆ పట్టా పిల్లే. నాలుగు సాయంత్రాలు, పిల్లలంతా వెళ్ళిపోయాక, ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని. నేల మీద కాలు తట్టిన పాప దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. "అక్కా, దీనికి మా పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. నేను మూడుసార్లు చదివి పరీక్ష రాశా. అది చదివినా నేనైతే కనిపెట్టేదాన్ని కాదు" అంది. నేను, "నాకు ఆ అధ్యాయం ఉందనే తెలీదు. ఏముంది అందులో?" అన్నా. ఇద్దరం ఎనిమిదింటి దాకా కూర్చున్నాం. టైపు మాత్రం ఒక్క ముక్క జరగలేదు.

సరే, ఫైలు నిన్న ఇచ్చేశా. నిన్నటితో గది తీసుకుని సరిగ్గా పదేళ్ళు. గుమాస్తా ముద్ర కొడుతుంటే నా గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంది.

ఒక్కటి మిగిలింది. నన్ను చాలా కాలంగా ఎరిగిన పెద్దవాళ్ళు ఒకరు నా గురించి ఒక పేజీ రాసి నేరుగా ఆఫీసుకి పంపాలట. నీ పేరిచ్చా. అమ్మమ్మా, దండం పెడతా, ఒక్క పేజీ. నాలుగు మంచి మాటలు. తూకం వెయ్యకు.

నీ మనవరాలు


జూలై 9

మనవరాలికి,

రాసి పంపాను. నకలు ఇదిగో.

"దరఖాస్తుదారు నాకు మనవరాలు. కనుక నేను ప్రేమకొద్దీ చెప్పే మాటలను లెక్కలోకి తీసుకోవద్దని మనవి. ఈమె పనికి అరగంట ముందు వెళుతుంది. పిల్లల విషయంలో ఓర్పు ఎక్కువ, పెద్దల విషయంలో తక్కువ. దస్తూరి బాగుండదు. ఫైలులోని తేదీలన్నీ నేను సరిచూశాను, అవి నిజం. అయితే దరఖాస్తులో గది బాధ్యత పదేళ్ళు పూర్తయినట్టు రాసింది. ఆరేళ్ళ కిందట ఫిబ్రవరి 12 నుంచి మార్చి 30 వరకు ఈమె సెలవులో ఉంది. క్రింద సంతకం చేసిన నేను స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడమే కారణం. కనుక అసలు సేవ పదేళ్ళకు నలభై ఏడు రోజులు తక్కువ. గమనించగలరు."

అబద్ధం ఉన్న ఫైలు ఎప్పటికైనా తిరగబడుతుంది. తేడాను మనమే ముందుగా చూపిస్తే ఎదుటివారికి నమ్మకం కలుగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను అలాగే నెగ్గుకొచ్చాను. ఇక నిశ్చింతగా ఉండు.

అమ్మమ్మ


జూలై 17

అమ్మమ్మా,

నిశ్చింతగానే ఉన్నా. చింతించడానికి ఏం మిగల్లేదుగా.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "సమర్పించిన సాక్ష్యం ప్రకారం సేవాకాలంపై సందేహం ఉన్నందున దరఖాస్తు నిలిపివేయడమైనది." నేను పిలిచి తెచ్చుకున్న సాక్ష్యం! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆ నలభై ఏడు రోజులు నేనెక్కడున్నానో ఆఫీసుకి తెలీకపోవచ్చు. నీకు తెలుసు. నీ పక్కన మంచం వేసుకుని పడుకున్నా. ఆ రోజుల్నే తీసుకెళ్ళి నా లెక్కలోంచి కొట్టేశావు.

నాకు ఒకటే అనిపిస్తోంది. నేను డిగ్రీ చదవాలని నీకు మొదట్నుంచీ పట్టుదల. ఫైలు దారి మూసుకుపోతే డిగ్రీకి వస్తాననుకున్నావు. రానమ్మమ్మా. ఆసుపత్రి శిక్షణకి పేరిచ్చా. ఆగస్టు పదకొండున మొదలు. పెద్ద మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. నిన్న గదిలో అల్మారా సర్దుతుంటే కంట్రాక్టరు వచ్చి, నేను పెట్టెలో పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీసి మళ్ళీ అల్మారాలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి వాడు ఒకటి కట్టడం చూశా.

కొన్నాళ్ళు రాయను. సంతకం కింద ఉంది.

నీ మనవరాలు


జూలై 24

మనవరాలికి,

నువ్వు రాయనన్నావు గానీ నేను రాయనని ఎవరూ అనలేదు.

ముందుగా ఒక మాట. నేను నీతో పోట్లాడదలిస్తే ఎదురుగా నిలబడి పోట్లాడతాను. దారికి అడ్డంగా కర్ర వెయ్యను. నువ్వు అలా అనుకున్నందుకు రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు, మనవరాలు అలా అనుకునేంతగా నేనేం రాశానని నా ఉత్తరాల నకళ్ళు తీసి చదివాను. నలభై ఏడు రోజుల సంగతి అందులో ఉంది. దానికి నేను నీకు రుణపడిన మాట ఎక్కడా లేదు. ఆరేళ్ళ కిందటి ఏప్రిల్లో నీకు రాసిన ఉత్తరంలో కూడా లేదు. "క్షేమంగా చేరావనుకుంటాను. దుప్పటి మర్చిపోయావు" అని ఉంది.

తర్వాత మనిషిని పంపి ఆ ఆఫీసువాళ్ళ నియమావళి తెప్పించాను. అరవై నాలుగు పేజీలు. నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: "మంజూరైన సెలవు, మొత్తం అరవై రోజులకు మించనంత వరకు, సేవాకాలంలో భాగమే." మా ఆసుపత్రిలో ఒక్క పూట సెలవైనా సేవలోంచి తీసేసేవారు. నేను ఆ కొలతతో మీ క్రెష్‌ని కొలిచాను. వాళ్ళ నియమాలు చదవకుండా వాళ్ళకి లెక్క చెప్పాను. నా కింద పనిచేసిన గుమాస్తా ఎవరైనా ఇలా చేసి ఉంటే ఆ పూట అన్నం తినేవాడు కాదు. నేనూ తినలేదు.

నీది పదేళ్ళే. నువ్వు రాసిందే సరి. తప్పు నాది.

నా ఉద్యోగంలో ఎప్పుడూ సవరణ పత్రం రాయాల్సిన అవసరం రాలేదు. కాబట్టి దాని నమూనా ఏమిటో నాకు తెలియదు. తోచినట్టు రాసి ఈ ఉదయమే పంపాను.

"జూలై 9న నేను ఇచ్చిన సాక్ష్యంలో సేవాకాలం లెక్క తప్పు. మీ నియమావళి 41వ పేజీ ప్రకారం దరఖాస్తుదారు పదేళ్ళు పూర్తి చేసింది. నియమం చూడకుండా రాసినందుకు చింతిస్తున్నాను. ఆ సెలవు గురించి అప్పుడు వదిలేసిన వివరం ఇప్పుడు చేరుస్తున్నాను. తుంటికి ఆపరేషన్ అయ్యి, డాక్టరు లేచి నడవమన్నాక, నేను నడవనని మొండికేశాను. ఈమె బతిమాలలేదు, బెదిరించలేదు. నా కళ్ళజోడూ దినపత్రికా మంచానికి రెండడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టి, 'ఇవాళ పేపర్లో లెక్కలు తప్పేశారు అమ్మమ్మా, నువ్వు చూడకపోవడమే మంచిది' అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాటికి కుర్చీ మూడడుగుల దూరానికి జరిగింది. నలభై ఏడో రోజున పేపరు వీధి గుమ్మం దగ్గర ఉంది. నేను వెళ్ళి తెచ్చుకున్నాను. పిల్లలు కొత్తగా నడిచేటప్పుడు ఈమె ఇదే పద్ధతి పాటిస్తుందని ఇటీవల ఈమె ఉత్తరాలు తిరిగి చదివినప్పుడే నాకు తెలిసింది. నా వయస్సు దృష్ట్యా దీన్ని శిశుసంరక్షణగా లెక్కించమని కోరడం లేదు."

ఆసుపత్రికి వెళ్ళదలిస్తే వెళ్ళు. ఆ వార్డుకి నీలాంటి మనిషి ఎప్పుడో కావలసింది. దూదికి చీటీ రాసినవాళ్ళకి బొమ్మకి రాయాలని తోచలేదు, నాకూ అడగాలని తోచలేదు. కానీ కోపంతో వెళ్ళకు. కోపంతో మూసిన లెక్క మళ్ళీ తెరవాల్సి వస్తుంది.

అమ్మమ్మ


ఆగస్టు 20

అమ్మమ్మా,

నీ ఉత్తరం పెద్ద మేడమ్ గది బయట నిలబడి చదివా. రాజీనామా చెప్పడానికి వెళ్ళి, నలభై ఏడో రోజు దాకా చదివి, లోపలికెళ్ళి, "ఏం లేదు మేడమ్, డైపర్లు అయిపోవచ్చాయి" అని చెప్పి వచ్చేశా.

ఆసుపత్రికి వద్దని ఉత్తరం రాసేశా. అది మంచి పనే. కానీ నేను ఆ పని కోరుకుని పేరివ్వలేదు, నీ మీద కసితో ఇచ్చా. ఆ పిల్లలకి కోరుకుని వచ్చేవాళ్ళు దొరకాలి.

నిలిపేసిన దరఖాస్తు కదిలింది. ఏడో తారీఖున పరిశీలకురాలు వచ్చింది. పొద్దున్నే ఎనిమిదింటికి, మూల కుర్చీలో, మోకాళ్ళ మీద పుస్తకం, చేతికి గడియారం. ఇంకేముంది, పరీక్ష హాలు! నా చేతులు చల్లబడిపోయాయి. సీసా మూత తిప్పడం మర్చిపోయానంటే నమ్ము. పట్టా పిల్ల నా పక్కనుంచి పోతూ, "అక్కా, ఊపిరి పీల్చు. వదలడం కూడా మర్చిపోకు" అంది. అది పరీక్షల్లో ఆరితేరింది కదా.

అప్పుడు జడ్జిగారు ఎత్తుకున్నారు రాగం. గది దద్దరిల్లిపోయింది. పట్టా పిల్ల పాలసీసా తీసింది. నేను తిన్నగా వెళ్ళి వాణ్ణి కిటికీ దగ్గర కింద కూర్చోబెట్టి, పక్కనే ఊరికే కూర్చున్నా. అర నిమిషంలో ఆపేశాడు. పరిశీలకురాలు, "పాలు ఎందుకు ఇవ్వలేదు?" అంది.

"ఆకలి కాదండి. ఆకలైతే గుప్పిళ్ళు నోటి దగ్గరికి పోతాయి. వీడివి బిగుసుకుని పక్కకి పోయాయి. కోపం. ఇందాక ఎవరో వాడి మొహం మీదుగా చెయ్యి పోనిచ్చి బొమ్మ తీసుకున్నారు."

"ఎవరు?"

"మీరేనండి. కుర్చీ కిందకి దొర్లిందని తీశారు."

అన్నాక తెలిసింది ఏమన్నానో. పట్టా పిల్ల సీసా పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. ఆవిడ ఆ బొమ్మ తెచ్చి వాడి ముందు పెట్టి, "తప్పైపోయింది బాబూ" అంది. వాడు ఆవిణ్ణి చాలాసేపు చూసి కేసు కొట్టేశాడు. ఆ తర్వాత నాకు గడియారం గుర్తు రాలేదు. ఆరున్నర అయిందని ఆవిడే చెప్పింది.

వెళ్తూ అడిగింది. "ఆ రెండు సాక్ష్యాలు రాసింది ఒక్కరేనా?"

"ఒక్కరేనండి. మధ్యలో నియమావళి చదివారు."

నిన్న ధ్రువపత్రం వచ్చింది. గది నాదే. పట్టా పిల్లకి పక్కనే రెండేళ్ళవాళ్ళ గది ఇస్తున్నారు. భోజనాల వేళ అది నాకు ఒక అధ్యాయం చెబుతోంది, నేను దానికి ఒక బిడ్డని చూపిస్తున్నా. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా అమ్మమ్మా, కర్ర అడ్డం వేశావన్నది. ఇది కూడా సవరణ పత్రమే. నమూనా నాకూ తెలీదు.

నీ మనవరాలు


ఆగస్టు 27

మనవరాలికి,

ఉత్తరం అందింది. ధ్రువపత్రం నకలు కూడా అందింది. దాన్ని చదివి, పక్కింటావిడకి చదివి వినిపించి, ఆవిడకి చెవులు సరిగా వినబడవు కాబట్టి మళ్ళీ వినిపించాను.

డిగ్రీ గురించి నా అభిప్రాయం మారలేదు. తొందర మాత్రం తగ్గింది. భోజనాల వేళ వింటున్న అధ్యాయాలు ఎన్నయ్యాయో రాసిపెట్టుకో. అవన్నీ అయ్యాక, పరీక్ష హాల్లో కూర్చోవాలో వద్దో నువ్వే చెబుదువు గాని. నేను అడగను.

పద్నాలుగేళ్ళుగా ఆ గది గురించి చదువుతున్నాను. ఒక్కసారీ చూడలేదు. కిటికీ ఎటు ఉందో కూడా నాకు తెలియదని మొన్న గ్రహించాను. వచ్చే గురువారం బయలుదేరి వస్తున్నాను. బస్సు పదకొండుంబావుకి చేరుతుంది. పరిశీలకురాలు కూర్చున్న ఆ మూల కుర్చీ చాలు. ఎవరి బొమ్మా ముట్టుకోను. ఆ పట్టా పిల్లని అనవసరంగా అనుమానించాను, ఆ మాట దాని ఎదుటే చెప్పాలి.

బస్సు స్టాండుకి వస్తానని రాస్తావు, నాకు తెలుసు. రాకు. ఒక్క గంట కూడా సెలవు పెట్టకు. నేను బాగానే నడుస్తున్నాను. నువ్వు గది వదలకు. దారి నేను కనుక్కుంటాను.

అమ్మమ్మ